ఎక్కడ ఆపాలి?

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. రాజమహేంద్రవరం ఎండ చూస్తే నమ్మాలనే అనిపిస్తుంది. కానీ ఆ ఎండ సంగతి 20 మీటర్ల లోతున నేలకు దాదాపు తెలియదు. పగటి వేడి మీటరు దిగేలోపే అణగిపోతుంది. ఎండాకాలం, చలికాలం కలిసి చేసే హడావిడి 15, 20 మీటర్ల దగ్గర సద్దుమణుగుతుంది. వందేళ్లపాటు నెమ్మదిగా వచ్చిన మార్పు మాత్రం 100 మీటర్లు దాటి దిగుతుంది.

అందుకే లోతైన బోరులోకి థర్మామీటరు దింపి, లోతు లోతుకూ ఉష్ణోగ్రత రాసుకుంటే ముత్తాతల నాటి నేల వేడిని లెక్కకట్టవచ్చు. హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు అమెరికా సహచరులతో కలిసి 2002లో ఇలాంటి పనే ప్రచురించారు. దేశంలోని బోర్ల కొలతలను బట్టి, సుమారు 150 ఏళ్లలో నేల పైపొర 0.9 డిగ్రీల దాకా వేడెక్కిందని తేల్చారు.

చిక్కంతా లెక్కలో ఉంది. పై వేడి తెలిస్తే లోపలి వేడి లెక్కకట్టడం నా దగ్గర చదివే ఇంజినీరింగ్ పిల్లలకు పెద్ద పని కాదు. లోపలి నుంచి పైకి రమ్మంటేనే గొడవ. వేడి దిగుతూ దిగుతూ ఎగుడుదిగుళ్లన్నీ చెరిపేస్తుంది. వెనక్కి నడిచే లెక్క, చెరిగినవాటిని మళ్లీ తెచ్చే ఆత్రంలో కొలతల్లోని తప్పులను కూడా పెంచేస్తుంది. డిగ్రీలో నూరోవంతు తేడా చాలు, జవాబులో 1900 ప్రాంతాన నిప్పులగుండం, ఆ వెనకే మంచుయుగం ప్రత్యక్షమవుతాయి. ఫ్రెంచి గణితవేత్త హడమార్ ఇలాంటి లెక్కల గురించి 1902లోనే హెచ్చరించాడు.

రష్యాలో టిఖొనోవ్ 1963లో దారి చూపాడు: జవాబు కొలతలకు దగ్గరగా ఉండాలి, కానీ అనవసరంగా ఊగితే జరిమానా కట్టాలి. జరిమానా ఎక్కువైతే మిగిలేది చప్పిడి గీత. తక్కువైతే మళ్లీ మంచుయుగమే.

నాకైతే 1951 నాటి లాండ్‌వెబర్ పద్ధతి ఇష్టం. ఏదో ఒక అంచనాతో మొదలుపెట్టి, కొలతతో తేడా చూసి, కొంచెం సర్ది, మళ్లీ చూడటం. ఇది నడక, ఆ తర్వాత వచ్చిన కాంజుగేట్ గ్రేడియంట్ పద్ధతి పరుగు. రెండింటిలోనూ వేరే జరిమానా అక్కర్లేదు, ఆపే సమయం తెలిస్తే చాలు. మొదటి విడతల్లో అసలు ఆకారం తేలుతుంది. ఆపకుండా పోతే తప్పులు కూడా చేరి జవాబు చెడుతుంది. తాపేశ్వరం కాజా పాకం కూడా ఇంతే, లేతగా ఉంటే పట్టదు, ముదిరితే గడ్డకడుతుంది. ఇక్కడ వేళ్ల మధ్య తీగ సాగదీసి చూడటానికి బదులు మొరొజోవ్ నియమం ఉంది: థర్మామీటరు ఎంత తప్పు చూపగలదో, మిగిలిన తేడా అంతకు దిగగానే ఆపేయాలి.

పిల్లలకు ఇది ఒక పట్టాన రుచించదు. తేడాను సున్నాకు తెచ్చి సంబరంగా చూపిస్తారు. సున్నా అంటే థర్మామీటరు తప్పును కూడా చరిత్రగా నమ్మినట్టే కదా!

"మన కోనసీమ బోర్లలోనే కొలవొచ్చుగా మాస్టారూ?" అని అడిగేవాళ్లు ఏటా ఉంటారు. ఈ కొలతలకు నీరు పెద్దగా కదలని గట్టిరాయి కావాలి, తెలంగాణ గ్రానైట్ లాంటిది. మనది ఇసుక, ఒండ్రు. ధవళేశ్వరం ఆనకట్ట కట్టినప్పటి నుంచీ కాలువ నీరు, వరిచేల నీరు ఇంకుతూనే ఉన్నాయి. ఇంకే నీరు వేడిని తనతో మోసుకుపోతుంది. దాన్నీ లెక్కలోకి తెస్తే తెలియనివి రెండవుతాయి, పై వేడీ, నీటి వేగమూ. బోరు ఇచ్చే కొలత మాత్రం ఒక్కటే. ఇక రోజూ మోటారు ఆడే బోరైతే ఆ ఒక్కటీ ఇవ్వదు.