కర్ర కంటే ముందు కన్ను

కర్రసాము అనగానే జనానికి గుర్తొచ్చేది గిర్రున తిరిగే కర్ర. దసరా ఊరేగింపులో డప్పుల మోత మధ్య, నడుముకు ఎర్రగుడ్డ బిగించిన కుర్రాడు కర్ర తిప్పుతుంటే చుట్టూ ఈలలు, చప్పట్లు. చూడముచ్చటగానే ఉంటుంది. కానీ ఆ తిప్పడం సాములో పైపొర మాత్రమే. అసలు విద్యంతా కర్ర కదలకముందే ఉంది. ఎదుటివాడు ఎంత దూరంలో ఉన్నాడు, వాడి చేతులు ఎక్కడున్నాయి, వాడితో ఇంకెవరైనా వచ్చారా, నా వెనకాల ఏముంది, ఎటు తప్పుకోవచ్చు? ఇవన్నీ ఒక్క చూపులో తేల్చుకోవడమే సాము.

పాతతరం వస్తాదుల దగ్గర నేర్చుకున్నవాళ్లని గమనించండి. పెళ్లి పందిట్లో కూర్చున్నా గుమ్మం కనబడేలా, వీపు గోడకి ఆనేలా చూసుకుని కూర్చుంటారు. చీకటి సందు మలుపులో గోడంచు రాసుకుంటూ తిరగరు, రెండడుగులు ఎడంగా జరిగి వెడల్పుగా తిరుగుతారు. ఒకరు చెబితే చేసేది కాదది, ఒంటికి పట్టేసిన అలవాటు. ముక్కూమొహం తెలియని మనిషి దారికి అడ్డం వచ్చినప్పుడు ఆడపిల్లకైనా, ఒంటరిగా నడిచే పెద్దాయనకైనా పనికొచ్చేది ఇదే. ఇది సాము నేర్పే మన గరిడీల్లోనే ఉంది. మనం దాన్ని పక్కన పడేసి ఎక్కడెక్కడో వెతుక్కుంటున్నాం.

మా వైపు ఒక పెద్ద వస్తాదు ఉన్నారు. పేరు రాయొద్దన్నారు కాబట్టి రాయను. ఆయన కొత్తగా చేరినవాళ్లకి మొదట్లో కర్ర ముట్టనివ్వరు. పిల్లని మట్టి మీద నిలబెట్టి, తాను దూరం నుంచి నడుచుకుంటూ వస్తారు. భుజాన తుండుగుడ్డ, మొహాన నవ్వు. "అమ్మాయ్, బస్టాండుకి ఎటు పోవాలి తల్లీ?" అని అడుగుతూనే అడుగులు వేస్తుంటారు. తనకీ ఆయనకీ మధ్య రెండు బారలు మిగిలుండగానే ఆ పిల్ల చెయ్యి ఎత్తి "అక్కడే ఆగండి" అనాలి. బారంటే తెలిసిందేగా, రెండు చేతులూ చాచినంత, మనిషెత్తు. ఆలస్యమైతే తుండుగుడ్డ కొస భుజం మీద ఛెళ్లుమంటుంది. నొప్పేమీ ఉండదు, సిగ్గేస్తుంది. తొందరపడి ముందే ఆగమంటే మాత్రం ఏమీ అనరు. "ముందు ఆపితే పోయేదేం లేదు తల్లీ, తర్వాత ఆపుదామంటే కుదరదు" అంటారు.

రెండు బారలే ఎందుకని అడిగాను. ఆయన మాటల్లో చెప్పలేదు, నడిచి చూపించారు. ఒక బార దూరంలో ఉన్న మనిషి ఒక్కసారి ముందుకు ఉరికితే చెయ్యి మన మీద పడుతుంది, మనకి అర్థమయ్యేలోపే. రెండు బారలుంటే వాడు కనీసం ఒకటి రెండు అడుగులు గట్టిగా వేయాలి. ఆ అడుగులు మన కంటపడతాయి. కంటపడిన దానికి ఒళ్లు బదులు చెప్పగలదు. ఇంత చిన్న లెక్క మీద ఇంత పెద్ద విద్య నిలబడిందంటే ఆ పెద్దల బుర్రకి దండం పెట్టాలనిపిస్తుంది.

చూపు ఎక్కడ ఆనించాలన్నది తర్వాతి పాఠం. కళ్లలోకి చూస్తే భయమన్నా పట్టుకుంటుంది, పంతమన్నా పెరుగుతుంది. ఒక చేతినే చూస్తుంటే రెండోది మరిచిపోతాం. అందుకని మెడగుంటకి జానెడు కింద, రొమ్ము మీద ఆనించమంటారు. అక్కడ నిలిచిన చూపుకి రెండు భుజాలూ అందుతాయి, చేతులూ అందుతాయి, పాదాల కదలికా లీలగా తెలుస్తుంది. భుజం కదలకుండా చెయ్యి లేవదు. జేబులోంచో వీపు వెనక నుంచో బయటికి రాని చెయ్యి ఉంటే ఆ దూరాన్ని ఇంకా పెంచుకోవాలి. మనతో మాట్లాడుతూనే ఎవరైనా చూస్తున్నారా అని పక్కలకి చూసేవాడు మాటల కోసం వచ్చినవాడు కాదు. ఆగమన్నా అడుగు ఆగలేదంటే ఇంక సందేహించేదేం లేదు.

టైమెంత అని అడిగినవాడి కోసం తల దించి గడియారం చూసుకోవడం మనందరికీ అలవాటు. గరిడీలో ఇది పెద్ద తప్పు. మణికట్టుని కళ్ల ఎత్తుకి తెచ్చుకోవాలి, ఫోనైనా అంతే. వాడు చూపులోంచి పోకూడదు. ఇంకొకటి, ముందు నిలబడి మాట కలిపేవాడు ఒకడైతే వెనక నుంచి వచ్చేవాడు ఇంకొకడు ఉండొచ్చు. అందుకే సాములో వెనక్కి వెనక్కి జరగనివ్వరు. వెనక ఏముందో కాళ్లకి తెలియదు. పక్కకి, ఓరగా అడుగు వేస్తూ తిరగాలి. అలా తిరిగితే ముందున్నవాడు కంట్లోనే ఉంటాడు, వెనక ఉన్నది కూడా కంట్లోకి వస్తుంది, బయటికి పోయే దారి మన వైపుకి మళ్లుతుంది. నలుగురు చుట్టుముట్టినట్టు చేయించే సాధనలో పట్టు పట్టేది ఈ తిరుగుడు అడుగు కోసమే. నలుగురినీ కొట్టడం ఎవరివల్లా కాదు. నలుగురూ ఒకే వైపున ఉండేలా తాను జరగడం నేర్చుకుంటే అవుతుంది.

వీటన్నిటికంటే కష్టమైన పాఠం మొహమాటం వదలడం. మన ఇళ్లలో పిల్లలకి పెద్దల ముందు గొంతు తగ్గించమని నేర్పుతాం. పలకరించినవాడికి జవాబివ్వకపోతే బాగుండదేమో, ఆగకపోతే ఏమనుకుంటాడో అని నిలబడిపోతారు. చెడ్డవాడికి కావలసింది ఆ మొహమాటమే. మా వస్తాదుగారు ఆడపిల్లల చేత గొంతు చించుకుని అరిపిస్తారు. మొదటిరోజు ఎవరికీ గొంతు పెగలదు. నవ్వుతారు, ఒకళ్ల వెనక ఒకళ్లు దాక్కుంటారు. ఆయన ఊరుకోరు. అరిచేటప్పుడు అరచేతులు రెండూ రొమ్ము ఎత్తున, తెరిచి, ముందుకి పెట్టి ఉంచాలి. చూసేవాళ్లకి అది బతిమాలుతున్నట్టుంటుంది, నిజానికి మొహాన్నీ మెడనీ కాచుకునే భంగిమ. పదిమందికీ వినబడేలా "దగ్గరికి రావద్దు" అంటే చాలామంది అక్కడితో వెనక్కి తగ్గుతారు. వాడు వెతికేది మెత్తని మనిషిని.

ఇంతా అయ్యాక కర్ర. గట్టి వెదురు, లోపల బోలు తక్కువది, కణుపులు దగ్గర దగ్గరగా ఉన్నది. నిటారుగా నిలబెడితే చెవి దాకానో నుదుటి దాకానో రావాలంటారు. ఆముదం పట్టించి ఎండకి, మంచుకి తిప్పితే ఏళ్ల తరబడి పగలదట. దాని గురించి ఇంతకంటే రాయక్కర్లేదు, ఎందుకంటే రేపు రోడ్డు మీద మీ చేతిలో ఆ కర్ర ఉండదు. ఉండేది గొడుగు, లేదంటే చేతికర్ర. సాము వాటికీ పనికొస్తుంది. తెలియనివాడు కర్ర దొరకగానే పైకెత్తి బాదబోతాడు. ఎత్తేలోపు ఎదుటివాడు లోపలికి దూరిపోతాడు. సందులోనో లిఫ్టులోనో అయితే కర్ర గోడకి తగిలి ఆగిపోతుంది. తెలిసినవాడు రెండు చేతులతో పట్టి కొసతో పొడుస్తాడు. పొడవడానికి జాగా అక్కర్లేదు, దూరం మన చేతిలో ఉంటుంది. పొట్టలో ఒక్క పోటు, మోకాలి కింద ఎముక మీద ఒక దెబ్బ. ఆ వెంటనే పరుగు. కత్తి కనబడితే పర్సు ఒక పక్కకి విసిరి ఇంకో పక్కకి పరిగెత్తమంటారు మా వస్తాదుగారు. ఇన్నేళ్లు సాము చేసిన మనిషి పరిగెత్తమని చెప్పడం విన్నాక ఆయన మీద నా గౌరవం రెట్టింపైంది.

చట్టమూ ఇంచుమించు ఈ మాటే చెబుతుంది. పాత శిక్షాస్మృతిలో 96 నుంచి 106 దాకా ఉన్న ఆత్మరక్షణ సెక్షన్లు, 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 దాకా ఉన్నాయి. కాచుకోవడానికి ఎంత అవసరమో అంతవరకే హక్కు. పడిపోయినవాడిని మళ్లీ కొడితే అది ఆత్మరక్షణ కిందికి రాదు. తప్పించుకున్నాక చేయాల్సింది 112కి ఫోను.

మన గడ్డ మీద ఈ విద్య వైభవం చెప్పాలంటే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు. 1882లో వీరఘట్టంలో పుట్టి, విజయనగరం వ్యాయామశాలల్లో ఒళ్లు పెంచిన కోడి రామమూర్తి నాయుడు ఏనుగుని రొమ్ము మీద మోశాడు, ఉక్కు గొలుసులు తెంపాడు, కలియుగ భీముడనిపించుకున్నాడు. ఆ కాలంలో ఉత్తరాంధ్ర పట్నాల్లో వీధికో తాలీంఖానా, అంటే వ్యాయామశాల, ఉండేదని పెద్దలు చెబుతారు. అమలాపురం దసరాలో చెడీ తాలింఖానా పేరుతో చేసే ఆయుధ విన్యాసాలు చూడనివాళ్లు ఒక్కసారైనా చూడాలి. కళ్లకి గంతలు కట్టుకుని, పడుకున్న మనిషి ఒంటి మీద పెట్టిన కాయగూరల్ని కత్తితో రెండు చెక్కలు చేస్తారు, చర్మం మీద గీత పడదు. దూరం తెలియడమంటే అదీ! కన్ను మూసినా ఒంట్లో ఉండిపోయిన దూరం. నూటయాభై ఏళ్లకి పైబడిన ఆచారమని అక్కడివాళ్లు గర్వంగా చెప్పుకుంటారు. చెప్పుకోవాల్సిందే.

తెలంగాణ రైతాంగ పోరాటంలో కర్ర చరిత్రనే తిప్పింది. విసునూరు దేశ్‌ముఖ్ గూండాలు 1946 జులై 4న కడివెండిలో దొడ్డి కొమరయ్యని కాల్చి చంపినప్పుడు ఆ ఊరి జనం చేతుల్లో ఉన్నది కర్రలు, వడిసెలలు. తుపాకులున్నవాళ్లని తరిమిందీ ఆ జనమే. గుత్పల సంఘమని, అంటే దుడ్డుకర్రల సంఘమని, పేరొచ్చింది అందుకే. ఆడవాళ్లు కారప్పొడి, రోకళ్లు పట్టుకుని నిలబడ్డారు. చేతికి అందిందే ఆయుధమన్న సాము సూత్రాన్ని వాళ్లకి ఏ గరిడీ నేర్పిందో కానీ, దాన్ని వాళ్లకంటే బాగా ఆచరించినవాళ్లు లేరు.

పొరుగువాళ్లు తమ విద్యల్ని ఎలా నెత్తిన పెట్టుకున్నారో చూస్తే కడుపు మండుతుంది. కేరళలో వడకరకి చెందిన మీనాక్షి అమ్మ, ఏడేళ్లప్పుడు కలరిపయట్టు నేర్పే కలరిలో అడుగుపెట్టి డెబ్బై దాటాక కూడా కత్తి, కర్ర తిప్పుతూ వందలమందికి నేర్పింది. 2017లో పద్మశ్రీ ఇచ్చారు. పుణె వీధుల్లో 85 ఏళ్ల శాంతాబాయి పవార్ 2020లో లాఠీ తిప్పి బతుకు వెళ్లదీస్తుంటే దేశమంతా చూసి చేయందించింది. 2020 డిసెంబరులో ఖేలో ఇండియా యువజన క్రీడల్లోకి గట్కా, కలరిపయట్టు, థాంగ్‌తా, మల్లకంబ తీసుకున్నారు. 2024 జనవరిలో చెన్నైలో ఆ యువజన క్రీడలు జరిగితే తమిళులు తమ సిలంబాన్ని ప్రదర్శన క్రీడగా పెట్టించుకున్నారు. సంతోషం, అవన్నీ గొప్ప విద్యలే. మరి కర్రసాము ఏం పాపం చేసింది? రెండు రాష్ట్రాలు, కోట్లమంది జనం. అడిగే గొంతు మనకి ఒక్కటి లేకపోయింది.

అడగకపోవడం ఒక ఎత్తు, చెడగొట్టడం ఇంకో ఎత్తు. ఇప్పుడు ఫంక్షన్లలో తిప్పేది కర్ర కూడా కాదు, రంగు లైట్లు బిగించిన ప్లాస్టిక్ గొట్టం. బరువు లేదు, కొస ఎక్కడుందో తెలియదు, కాళ్లు ఒకేచోట పాతుకుని ఉంటాయి. పాటకి తగ్గట్టు తిప్పి, ఫొటోలకి నవ్వి, డబ్బు పుచ్చుకుని పోతారు. అడుగు లేని సాము సాము ఎలా అవుతుంది? ఎదుట మనిషి లేకుండా దూరం ఎలా తెలుస్తుంది?

ఒక కాలేజీలో ఆడపిల్లలకి ఆత్మరక్షణ శిక్షణ అంటే వెళ్లాను. ఒక్క పూట. మైకులో ఉపన్యాసం, పాట, ఆ తర్వాత గాలిలో గుద్దులు, చివర్లో అందరికీ సర్టిఫికెట్లు. ఎదురుగా ఒక మనిషి నడిచి రావడం ఆ పూటలో ఒక్కసారి కూడా జరగలేదు. ఒక్క పిల్ల చేతా "ఆగు" అనిపించలేదు. పైగా మణికట్టు పట్టుకుంటే ఇలా మెలితిప్పితే చాలు, ఎంతటివాడైనా పడిపోతాడని చెప్పి పంపించారు. ఆ మాట నమ్మి ఏ పిల్లైనా దూరం వదిలేసి దగ్గరికి రానిస్తే ఆ పాపం ఎవరిది? నేర్పకపోవడం కంటే ఇలా నేర్పడం ప్రమాదం. ఇది మోసమని పచ్చిగా రాస్తున్నాను, ఎవరికి కోపమొచ్చినా సరే.

మరోపక్క నిజంగా తెలిసిన వస్తాదులు అపార్టుమెంట్లకి కాపలా కాస్తున్నారు. తాలీంఖానా స్థలాల్లో దుకాణాలు లేచాయి. నాకు తెలిసిన ఒక గరిడీలో మట్టి తవ్వి సిమెంటు పోశారు. చిన్న పాదాలకి అడుగు నేర్పిన నేల అది. ఆ పని చేయించినవాళ్లకి దాని విలువ తెలియదు, తెలిసినవాళ్లు నోరు విప్పలేదు.

అందుకని అడుగుతున్నాను. ప్రతి ఉన్నత పాఠశాలలో వారానికి రెండు పీరియడ్లు, ముందు ఆడపిల్లలకి. కర్రలు కూడా తర్వాత కొనొచ్చు, మొదటి నెల పాఠాలకి ఖాళీ జాగా ఒక్కటి చాలు. నేర్పడానికి ఏ ఊళ్లో వస్తాదు ఉంటే ఆయన్నే పిలవండి. డిగ్రీ ఉందా అని అడగకండి, కూలి కంటే తక్కువ చేతిలో పెట్టి పంపకండి. నెలనెలా జీతమివ్వండి. ఒక్కో వస్తాదు చేయించే అడుగుల్ని, సాధనల్ని వీడియో తీసి దాచే పని ఏదో ఒక విశ్వవిద్యాలయం భుజాన వేసుకోవాలి. దసరా ఉత్సవ కమిటీలవాళ్లకి ఒక మాట: ఈసారి కర్రసాము పెట్టిస్తే లైట్ల గొట్టాలవాళ్లని పిలవకండి. మీ వీధిలోనే ఇంకా నడుం వంగని ముసలాయన ఒకరు ఉండే ఉంటారు. ఇంటికి వెళ్లి, బొట్టు పెట్టి, శిష్యుల్ని వెంటబెట్టుకుని రమ్మని అడగండి.