తోక బండికి ఒక సెట్టు

గుంపుగా బండ్ల మీద తిరిగేవాళ్లు వాకీటాకీ కొనాలనుకోగానే అడిగే మొదటి మాట "ఎన్ని వాట్లు మావా?" రెండోది "ఎంత దూరం అందుతాది?" విజయనగరం కుర్రాళ్లయినా, శ్రీకాకుళం పెద్దమనుషులయినా ఈ రెండు దాటి మూడో ప్రశ్న వేయగా నేను వినలేదు. ఆ మూడో ప్రశ్న కోసమే ఈ వారం కాలమ్. ముందు ఆ రెండింటి సంగతి తేల్చేద్దాం.

పెట్టె మీద పది కిలోమీటర్లని పెద్ద అక్షరాలతో ఉంటుంది. అది పూర్తి అబద్ధమని అనను. బండి మీద కూర్చున్న మనిషి తల నేలకు నాలుగున్నర అడుగుల ఎత్తున ఉంటుంది. అదే ఎత్తున ఇంకొకరున్నారు, మధ్యలో చెట్టూ పుట్టా లేవు అనుకుందాం. భూమి వంపును లెక్కలోకి తీసుకుంటే ఇద్దరి మధ్యా రేడియో తరంగానికి తొమ్మిది, పది కిలోమీటర్ల దాకా దారి దొరుకుతుంది. కళింగపట్నం ఒడ్డున నిలబడి సముద్రంలోకి చూస్తే అలాంటి చోటు కనిపిస్తుంది. మనం బండి నడిపేది సముద్రం మీద కాదు కదా. పదహారో నంబరు జాతీయ రహదారి మీద రణస్థలం నుంచి నరసన్నపేట వరకు ఊళ్లు, తాటితోపులు, ఫ్లైఓవర్లు, అన్నిటికీ మించి వరసకట్టిన లారీలు. ఆ దారిలో చిన్న సెట్టు కిలోమీటరు, మహా అయితే కిలోమీటరున్నర పలికితే అది మంచి సెట్టే.

వాట్లు పెంచితే? నేలబారున పోయే సంకేతం దూరం రెట్టింపయితే దాదాపు పదహారో వంతుకు పడిపోతుంది. అందుకని అర వాటు సెట్టు తీసేసి అయిదు వాట్లది పెట్టుకున్నా, అంటే శక్తి పదింతలు చేసినా, దూరం రెండింతలు కూడా కాదు. కొండ అడ్డొస్తే ఆ కాస్త లాభమూ పోతుంది. సాలూరు దాటి పి.కోనవలస ఘాట్ ఎక్కి సుంకి మీదుగా కోరాపుట్ వైపు వెళ్లినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. ముందు బండి రెండు మలుపులు తిరిగిందంటే చాలు, నాలుగొందల మీటర్ల దూరంలోనే ఉన్నా సెట్టులో గరగర తప్ప మాట ఉండదు. ఎస్.కోట నుంచి అనంతగిరి మీదుగా అరకు ఎక్కే దారీ అంతే. సీతంపేట నుంచి ఆడలి వ్యూ పాయింటుకు ఎక్కేటప్పుడూ అంతే. పైకి చేరి అంచున నిలబడితే మాత్రం కింద ఎక్కడో ఉన్నవాడి మాట పక్కనే ఉన్నట్టు వినిపిస్తుంది. ఎత్తు చేసే పని వాటు చేయలేదు.

అసలు మనకు ఎంత దూరం కావాలి? పది బండ్లు గంటకు అరవై కిలోమీటర్ల వేగంతో, ఒకదానికొకటి మూడు సెకన్ల ఎడం పాటిస్తూ వెళ్తే ముందు బండికీ చివరి బండికీ మధ్య అర కిలోమీటరు లోపే. గుంపు కుదురుగా ఉన్నంతసేపూ రేడియోతో పనే పడదు. నాతవలస టోల్‌గేటు దగ్గరో, మడపాం దగ్గరో పక్క దారిలోంచి నలుగురు దూరిపోతారు, ఆరుగురు ఆగిపోతారు. అప్పుడు గుంపు రెండు మూడు కిలోమీటర్లకు సాగుతుంది. ఎవరికో పంక్చరవుతుంది. ఎవరో మందస కోవా కొనుక్కుంటానని చెప్పకుండా దిగిపోతారు. ఆ సమయంలో మాట ఒక్క చోటు నుంచి రావాలి, చివరి బండి నుంచి. ముందున్నవాడు అద్దంలో చూడగలిగేది తన వెనకున్న ఇద్దరినే.

మూడో ప్రశ్న ఇదే. సెట్టు ఎవరి దగ్గర ఉండాలి? ముందు బండికి ఒకటి, తోక బండికి ఒకటి. గుంపు పదిహేను దాటితే నడిమధ్యన ఇంకొకటి. తలకొకటి కొనాలన్న ఉబలాటం నాకు అర్థమవుతుంది గాని, పది మంది చేతిలో పది బటన్లు ఉంటే పనికొచ్చే మాట ఒక్కటీ వినబడదు. ఈ సెట్లలో ఒకసారి ఒక్కరే మాట్లాడగలరు. ఇద్దరు ఒకేసారి నొక్కితే బలమైన సంకేతం రెండోదాన్ని మింగేస్తుంది. దగ్గరున్నవాడు సినిమా సంగతి చెబుతుంటే దూరాన పడిపోయినవాడి కేక అందులో కలిసిపోతుంది.

కొనేచోట మాత్రం తొందరపడొద్దు. చట్టం ఉంది. 2018లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ మధ్య పనిచేసే తక్కువ శక్తి వాకీటాకీకి మనం లైసెన్సు తీసుకోనక్కర్లేదు. ఆ మోడల్‌కు మాత్రం ఈటీఏ అనే ఆమోదం ఉండాలి. కేంద్రంలోని వైర్‌లెస్ ప్లానింగ్ అండ్ కోఆర్డినేషన్ వింగ్ దాన్ని ఇస్తుంది. ఆన్‌లైన్ అంగళ్లలో చవగ్గా దొరికే బాఫెంగ్ రకం సెట్లు అలా కాదు. అవి 136 నుంచి 174 వరకు, 400 నుంచి 520 వరకు ఎక్కడికి తిప్పితే అక్కడ పలుకుతాయి. పోలీసుల మీదా, ఓడల మీదా, ఎవరి మీదైనా మనకు తెలియకుండానే మాట్లాడేయొచ్చు. 2025 మేలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఇలాంటివి అమ్ముతున్న ఈ-కామర్స్ కంపెనీలకు నోటీసులిచ్చి, ఏ ఫ్రీక్వెన్సీలో పనిచేస్తుందో, ఆమోదం ఉందో లేదో అమ్మకం పేజీలోనే చూపించేలా మార్గదర్శకాలు తెచ్చింది. ఆ రెండూ రాసి లేని సెట్టు ఎంత చవకైనా నాకొద్దు. అమెరికా నుంచి మేనల్లుడు తెచ్చిన జత కూడా వద్దు. అక్కడ అందరూ వాడుకునే సెట్లు 462, 467 దగ్గర పలుకుతాయి. అక్కడ తప్పు కానిది ఇక్కడ తప్పు.

ఇది పుస్తకంలో రాసుకునే భయమేమీ కాదు. మన కొండదారులు ఆంధ్రా ఒడిశా సరిహద్దులోవి. ఆ అడవుల్లో పోలీసు చెక్‌పోస్టుల చరిత్ర ఈ జిల్లాల వాళ్లకు తెలియనిది కాదు. నడుముకు పొడవాటి యాంటెన్నా ఉన్న సెట్టు కట్టుకుని, జాకెట్లు తొడుక్కున్న పదిమంది కొండ దిగితే ఆపి అడగడం పోలీసుల ధర్మం. సెట్టు వెనక ఫ్రీక్వెన్సీ, సంచిలో బిల్లు, ఈటీఏ కాగితం నకలు ఉంటే రెండు నిమిషాల్లో తేలిపోతుంది. లేకపోతే ఆ రోజు దేవమాలి కొండ చూడ్డం అయినట్టే.

పెద్ద సెట్టే కావాలనుకునేవాళ్లకు దొడ్డిదారి అక్కర్లేదు, రాజమార్గమే ఉంది. హామ్, అంటే అమెచ్యూర్ రేడియో, లైసెన్సు పరీక్ష రాయండి. పన్నెండేళ్లు నిండినవాళ్లెవరైనా రాయొచ్చు. రిస్ట్రిక్టెడ్ గ్రేడ్ లైసెన్సుకు మోర్స్ కోడ్ కూడా రానక్కర్లేదు. హైదరాబాదులో 1983 నుంచి ఉన్న జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ ఈ విద్య నేర్పుతూ వచ్చింది. ఆ సంస్థ తరఫున భారతీ ప్రసాద్ బృందం 2004 డిసెంబరులో పోర్ట్ బ్లెయిర్‌లో హామ్ స్టేషన్ పెట్టింది. ఇరవై ఆరో తేదీన సునామీ వచ్చి ఫోన్లన్నీ మూగబోతే అండమాన్ క్షేమ సమాచారాలు ఆ స్టేషన్ మీదుగా బయటికి వెళ్లాయి. అలాంటి రోజు మనకూ తెలుసు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలతో పాటు కరెంటు స్తంభాలూ పడిపోయాయి. సెల్ టవర్లు ఆగిపోయాక ఊరికీ ఊరికీ కబురు మనిషి నడిచి చెప్పాల్సి వచ్చింది. లైసెన్సున్న పదిమంది హామ్‌లు ఆ మండలాల్లో ఉండి ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి. ఒక్క షరతు మాత్రం మరచిపోవద్దు. హామ్ సెట్టులో మాట్లాడే ప్రతి ఒక్కరికీ లైసెన్సు ఉండాలి. గుంపులో ఒకడు పరీక్ష పాసై మిగతా తొమ్మిది మందికి సెట్లు పంచడం కుదరదు.

ఇక హెల్మెట్ ఇంటర్‌కమ్‌ల సంగతి. ఈ మధ్య కుర్రాళ్లందరి చూపూ వాటి మీదే. బ్లూటూత్ రకమైతే ఇద్దరి ముగ్గురి మధ్య మాటకు సరిపోతుంది. మెష్ రకంలో ఒక హెల్మెట్ నుంచి ఇంకొక హెల్మెట్‌కు మాట అందుతూ పోతుంది, ఇల్లు కట్టేచోట కూలీలు వరసగా నిలబడి ఇటుకలు అందించుకున్నట్టు. బండ్లు దగ్గరగా ఉన్నంతవరకు అద్భుతం. వరసలో పెద్ద ఖాళీ వస్తే అవతల సగం ఏమైందో ఇవతల సగానికి తెలియదు. సరిగ్గా మనకు కబురు కావలసిన వేళే అది తెగిపోతుంది. పైగా ఒక కంపెనీ మెష్ ఇంకో కంపెనీ మెష్‌తో మామూలుగా కలవదు. అందరూ ఒకే కంపెనీది కొనాలి, ఖర్చు తలా వేలల్లో. భార్యాభర్తలు ఒకే బండి మీద వెళ్లేటప్పుడు మాత్రం ఇంటర్‌కమ్‌ను మించింది లేదు. వెనక కూర్చున్నావిడ భుజం మీద కొట్టి, గాలిలో అరిచి, చివరికి విసుక్కుని ఊరుకోవడం ఎన్ని సంసారాల్లో చూశాం.

సెట్టు కొన్నాక అసలు ఖర్చు దాని చుట్టూ ఉండే సామానుకు పెట్టాలి. బండి నడుపుతూ సెట్టు చేతిలో పట్టుకుని మాట్లాడకూడదు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం చేతిలో పట్టుకునే సమాచార పరికరాల వాడకాన్ని ప్రమాదకరంగా నడపడం కింద లెక్కగట్టింది. చట్టం మాట అటుంచినా, ఘాట్ మలుపులో ఒంటిచేత్తో నడిపేవాడి వెనక నేనైతే వెళ్లను. క్లచ్ పక్కన హ్యాండిల్‌కు కట్టుకునే బటన్ కావాలి. హెల్మెట్‌లో పట్టే పల్చటి ఇయర్‌పీస్ ఒక చెవికి చాలు, రెండో చెవి లారీ హారన్‌కు వదిలేయాలి. మైకు మూతి పక్కన స్పాంజితో ఉండాలి. మాట వినబడగానే తానే ఆన్ అయ్యే సదుపాయం ఉందని అమ్మేవాడు గొప్పగా చెబుతాడు. యాభై దాటిన వేగంలో గాలి హోరే దానికి మాట. రోజంతా గాలినే ప్రసారం చేస్తుంది. దాన్ని ఆపేయండి. సెట్టును సీటు కింద సంచిలో పడేయకుండా ఛాతీ మీద, యాంటెన్నా నిటారుగా ఉండేలా కట్టుకోండి. ఆ కాస్త ఎత్తు కలిసొస్తుంది. వాన చుక్కకు చెడిపోనిది చూడండి. బారువ, భావనపాడు వైపు ఎక్కువ తిరిగేవాళ్లయితే ప్లగ్గులు తుడుచుకుంటూ ఉండాలి, లేకపోతే ఉప్పుగాలికి పచ్చగా చిలుము పడతాయి.

"ప్రైవసీ కోడ్" అని ఇంకో మాట రాస్తారు. దాన్ని పెట్టుకుంటే పక్క గుంపు మాటలు మనకు వినబడవు, అంతే. మన మాటలు వాళ్లకు వినబడకుండా అది ఆపదు. ఇంటి గుట్లు, బ్యాంకు పిన్నులు అందులో చెప్పుకోకండి.

మాట్లాడే పద్ధతి నేర్చుకోవాలంటే మన తీరం మీదే గురువులున్నారు. ఎచ్చెర్ల మండలం డి.మత్స్యలేశం లాంటి ఊళ్ల నుంచి గుజరాత్‌లోని వేరావల్ దాకా వెళ్లి మరబోట్ల మీద పనిచేసిన మత్స్యకారులను అడగండి. బోటు సెట్టులో కబుర్లుండవు. ఎవరిని పిలుస్తున్నావు, నువ్వెవరు, ఏమైంది, అంతే. ఆపదకు పదహారో చానల్‌ను ఖాళీగా ఉంచాలన్న క్రమశిక్షణ సముద్రం నేర్పింది. రోడ్డు మీదా అదే సరిపోతుంది. బటన్ నొక్కాక ఒక్క క్షణం ఆగి మాట మొదలుపెట్టాలి. తొందరపడితే మొదటి అక్షరం తెగిపోతుంది. "ఆగండి" అన్నా "సాగండి" అన్నా అవతలికి చేరేది "గండి" ఒక్కటే.

ఈ రోడ్ల మీద చెప్పుకోవలసినవి వేరే ఉంటాయి. పంటలొచ్చే కాలంలో పల్లె దారుల్లో ఉలవ కట్టెలు, మినప కట్టెలు పరిచి వచ్చేపోయే బండ్ల చేత నూర్పించుకుంటారు. కారుకు అది ఏమీ కాదు, రెండు చక్రాల బండికి జారుడుబల్ల. "ఎనకోల్లకి సెప్తన్నాను, కుడి సగం ఉలవలు, ఎడమకి రండి" అన్న ఒక్క కబురు ఎన్ని మోకాళ్లను కాపాడిందో. అలాగే గొర్రెల మంద, మలుపులో ఆగిపోయిన లారీ, కల్వర్టు మీద నీళ్లు. ఇవి ముందు బండి చెప్పాలి. బండి ఆగింది, మనిషి దిగాడు, అందరూ వచ్చేశారు. ఇవి తోక బండి చెప్పాలి. సెట్టు పలకని ఘాట్ భాగాలకు పాత ఒప్పందమే గతి. కింద ఫలానా టీ కొట్టు దగ్గర, పైన ఫలానా మలుపు దగ్గర అందరూ చేరేదాకా కదలకూడదు. ఏ సెట్టు కొన్నా ఆ ఒప్పందం రద్దు చేయకండి.

మన గుంపుల్లో ఒక చెడ్డ అలవాటు ఉంది. బాగా నడిపేవాడు, మంచి బండి ఉన్నవాడు ముందుంటాడు. కొత్తవాడో, పాత బండివాడో తోకకు మిగిలిపోతాడు. అతనికి ఏమన్నా అయితే చూసేవాళ్లెవరూ ఉండరు. దీన్ని తిరగేయండి. అందరిలోకీ అనుభవం ఉన్నవాణ్ని, పంక్చరు వేయడం వచ్చినవాణ్ని, ముఖ్యంగా కోపం రానివాణ్ని చివర పెట్టి రెండో సెట్టు అతనికివ్వండి. అందుకు మీ గుంపులో ఎవరూ ఒప్పుకోకపోతే సెట్ల కొనుగోలు వాయిదా వేయండి. ఆ డబ్బు పెట్టి అందరికీ మంచి ఐఎస్ఐ హెల్మెట్లు కొనుక్కోండి.