తప్పు బెల్టుది కాదు

ఓహాయోలో మే నెలంతా గడ్డిదే రాజ్యం. ఏప్రిల్ వానలకి నానిన నేల కాస్త వెచ్చబడగానే కెంటకీ బ్లూగ్రాస్, ఫెస్క్యూ పోటీలు పడి లేస్తాయి. ఒక వారం కోయకపోతే చీలమండలు మునుగుతాయి. ఇంకొన్ని వారాలు ఊరుకుంటే టౌన్‌షిప్ నుంచి నోటీసు వస్తుంది. కొలంబస్‌కి ఉత్తరాన ఇళ్ళు కొనుక్కున్న మనవాళ్ళలో కొందరికి ఎకరం, ఎకరంన్నర స్థలం ఉంది. నూరు సెంట్ల గడ్డిని తోసుకుంటూ నడిచే మెషీనుతో కోయడమంటే శనివారం మొత్తం పోయినట్టే. అందుకే ఆ ఇళ్ళ గరాజుల్లో రైడింగ్ మోవర్లుంటాయి. సీటు, స్టీరింగు, కడుపు కింద బ్లేడ్లు ఉన్న చిన్న ట్రాక్టర్లవి. ఈ రోజుల్లో నాకొచ్చే ఫోన్లు చాలావరకు వాటి గురించే. "అన్నా, మళ్ళీ బెల్టు ఊడిపోయింది. మొన్ననే కదా కొత్తది వేశాను!"

ఎప్పుడో ఒకసారి పుల్ల అడ్డంపడి బెల్టు ఊడితే ఎక్కించుకుని పని కానిచ్చుకోవచ్చు. కొత్తది వేసినా ఊడుతోందంటే ఆ జబ్బు బెల్టుది కాదు. అయినా అందరూ ముందు మార్చేది బెల్టునే. కంటికి కనిపించేది, గడ్డిలో పడి ఉండేది అదే కనక. జ్వరం వచ్చినవాడికి దుప్పటి మార్చినట్టు ఒకటి తీసి ఇంకొకటి వేస్తారు. రెండు వారాలు నడుస్తుంది, మూడో వారం మళ్ళీ కింద పడుతుంది. రిపేరు అనే పనిలో నాకు ఎంతో ఇష్టమైన పాఠం ఇక్కడే ఉంది. యంత్రంలో దెబ్బ తగిలేది ఒకచోట, తప్పు జరిగేది ఇంకొకచోట. ఆ రెంటి మధ్య దారిని ఓపిగ్గా వెనక్కి నడవడమే మెకానిక్కు విద్య.

ఈ సంగతి నేను చిన్నప్పుడు మా ఊరి రైసు మిల్లులో చూశాను. ఆయిలింజను నుంచి మెయిన్ షాఫ్టుకి వెడల్పాటి పట్టీ బెల్టు ఉండేది. అది జారితే మిల్లు డ్రైవరు బెల్టు వైపు చూసేవాడు కాదు. ఇంజను ఆపించి, షాఫ్టు వెంట చెయ్యి ఆనించి చూసుకుంటూ బేరింగు దాకా వెళ్ళేవాడు. ఆయన ఎందుకలా చేసేవాడో చాలా ఏళ్ళ తర్వాత అర్థమైంది. పట్టీ బెల్టు ఎక్కే పుల్లీ చదునుగా కనిపించినా మధ్యలో కొద్దిగా ఉబ్బుగా ఉంటుంది. తిరిగే బెల్టు ఎత్తుగా ఉన్న వైపుకే పాకుతుంది కాబట్టి ఆ ఉబ్బే దాన్ని మధ్యలో నిలబెడుతుంది. షాఫ్టు ఆ ఉబ్బు సర్దుకోలేనంతగా పక్కకి ఒరిగితే బెల్టు అంచుకి నడిచి పడిపోతుంది. అంటే ఎక్కడో బేరింగు అరిగితే ఇక్కడ బెల్టు జారుతుంది.

మోవర్‌లో ఉండేది వి-బెల్టు. అడ్డంగా కోసి చూస్తే పైన వెడల్పు, కింద సన్నం. 1917లో అమెరికాలోని డెన్వర్‌లో జాన్ గేట్స్ దీన్ని తయారుచేశాడని చెబుతారు. అంతకుముందు కార్లలో నారతాడు చేసే పనిని రబ్బరు, దారం కలిపిన ఈ బెల్టు అందుకుంది. దీని కిటుకంతా ఏటవాలు అంచుల్లో ఉంది. ఆ రెండంచుల మధ్య కోణం సుమారు 40 డిగ్రీలు. బెల్టు గాడి అడుగుని తాకకూడదు. రెండు పక్కగోడల మధ్య ఇరుక్కుని, లాగే కొద్దీ ఇంకా బిగుసుకోవాలి. అదే బిగువుతో చదును పుల్లీ మీద నడిచే బెల్టు కంటే దీనికి దాదాపు మూడు రెట్లు పట్టు దొరుకుతుంది. అంత పట్టున్న బెల్టు గాడిలోంచి బయటికి వచ్చిందంటే ఊరికే రాదు. బిగువన్నా తగ్గి ఉండాలి, పుల్లీ అన్నా వంగి ఉండాలి.

మోవర్‌లో ఆ రెండూ జరగడానికి చోటుంది. ఇంజను ముందుంటుంది, దాని షాఫ్టు నిలువుగా కిందికి దిగుతుంది. చక్రాల్ని తిప్పే ట్రాన్స్‌మిషన్ వెనక సీటు కింద ఉంటుంది. ఈ చివర నుంచి ఆ చివరికి డ్రైవ్ బెల్టు నేలకి సమాంతరంగా పడుకుని వెళ్తుంది. బ్లేడ్లు తిప్పే బెల్టు వేరు. దారిలో ఐడ్లర్లనే చిన్న పుల్లీలుంటాయి. సాధారణంగా ఒకటి గాడి ఉన్నది, ఒకటి బెల్టు వీపుని నొక్కే చదునైనది. అందులో ఒకటి కదిలే చెయ్యి మీద ఉంటుంది, స్ప్రింగు దాన్ని లాగి పట్టుకుంటుంది. చాలా మోవర్లలో పెడల్ తొక్కగానే ఆ చెయ్యి వెనక్కి జరిగి బెల్టు వదులవుతుంది, బండి ఆగుతుంది. పెడల్ వదిలితే మళ్ళీ బిగుస్తుంది. అంటే తొక్కిన ప్రతిసారీ బెల్టు కాసేపు వేలాడుతుంది. ఆ కాసేపు దాన్ని గాడిలో ఉంచేవి పుల్లీల పక్కన నిలబడే ఇనప కడ్డీలు. కీపర్లంటారు. బెల్టుకీ వాటికీ మధ్య సుమారు 3 మిల్లీమీటర్ల ఎడం ఉండాలి. బెల్టు ఎక్కించే తొందరలో ఎవరైనా స్క్రూడ్రైవరు పెట్టి కీపర్ని వంచితే, అప్పటి నుంచి బెల్టుకి తలుపు తెరిచే ఉంటుంది.

అందుకే నేను ఫోన్‌లో ముందు అడిగేది మెషీను ఏ కంపెనీది, ఎన్నేళ్ళది అని కాదు. "ఎప్పుడు ఊడుతోంది తమ్ముడూ? పెడల్ వదిలి బయలుదేరేటప్పుడా? మిట్ట ఎక్కుతూ ఉండగానా?" అని. బయలుదేరేటప్పుడు ఊడితే వదులు మీద అనుమానం. సాగిన స్ప్రింగు, వంగిన కీపరు, గాడిలో కూరుకుపోయి ఎండిన గడ్డి, లేదా అర అంగుళం పొడవెక్కువున్న బెల్టు. బరువు లాగుతుండగా ఊడితే వంపు మీద అనుమానం. అరిగిన బేరింగు, ఒరిగిన పుల్లీ, వదులైన ఇంజను బోల్టు. ఈ ఒక్క ప్రశ్నతో వెతకాల్సిన చోటు సగానికి తగ్గుతుంది.

తర్వాత పాత బెల్టుని పారేయకుండా పగటి వెలుతురులో చూడమంటాను. ఒక అంచే దారాలు లేచి ఉంటే పుల్లీలు ఒక వరసలో లేవు. రెండంచులూ నున్నగా అద్దంలా మెరుస్తుంటే బెల్టు జారుతూ కాలింది. బెల్టు గాడిలో తిరగబడుతుంటే లోపలి దారం ఎక్కడో తెగి ఉండవచ్చు. గాడి అడుగు తళతళలాడుతుంటే పుల్లీ అరిగిపోయింది, లేదా బెల్టు వెడల్పు చాలలేదు. అర అంగుళం బెల్టు ఉండాల్సిన చోట అంగుళంలో 5/8 వంతు బెల్టు పనికిరాదు, దాని చోట ఇదీ పనికిరాదు. పైన గుడ్డ చుట్టిన బెల్టు ఉండాల్సిన చోట కార్ల బెల్టు అసలే పనికిరాదు. పెడల్ వదిలినప్పుడు కాస్త జారుతూ పట్టుకోవడమే ఇక్కడ బెల్టు పని. ఆ గుడ్డ ఉన్నది అందుకే.

ఈమధ్య ఒక మిత్రుడి మోవర్ దగ్గర ఒక మధ్యాహ్నం గడిపాం. పెరట్లో మిట్ట ఎక్కుతుంటే బెల్టు ఊడేది. పాత బెల్టుకి ఒక అంచే చిరిగి ఉంది. తాళంచెవి తీశాం, స్పార్క్ ప్లగ్ వైరు ఊడదీశాం. ఈ రెండూ చేయకుండా ఎవరూ దాని కిందికి చెయ్యి పోనివ్వకూడదు. బ్లేడ్లుండే కోత డెక్కు విప్పి పక్కన పెట్టాం. బేరింగులు చేత్తో తిప్పితే ఇసుక శబ్దం లేదు, ఊగడం లేదు. కీపర్లు సరిగ్గా ఉన్నాయి. పుల్లీల మీద స్కేలు ఆనిస్తే అన్నీ ఒకే వరసలో ఉన్నాయి. తప్పు దొరకలేదు.

అప్పుడు పార్కింగ్ బ్రేకు గుర్తొచ్చింది. పని చేసేటప్పుడు బండి కదలకుండా బ్రేకు వేసుకుంటాం, వేసుకోవాలి కూడా. కానీ ఆ బ్రేకు పెడల్‌ని కిందికి నొక్కి పట్టుకుంటుంది, కాబట్టి బెల్టు వదులుగా ఉంటుంది, ఐడ్లరు చెయ్యి విశ్రాంతిగా ఉంటుంది. బరువులో ఉన్నప్పుడే కనిపించే జబ్బు విశ్రాంతిలో ఎలా దొరుకుతుంది? చక్రాలకి చెక్కదిమ్మలు అడ్డం పెట్టి బ్రేకు వదిలాం. స్ప్రింగు చేతిని లాగింది. అంతవరకు బుద్ధిగా నిలబడ్డ పుల్లీ మా కళ్ళ ముందే ఒక పక్కకి ఒరిగింది. చెయ్యి తిరిగే బోల్టు అరిగిపోయింది, దాని రంధ్రం కోడిగుడ్డు ఆకారంలోకి సాగింది. కొత్త చెయ్యి, బుష్, బోల్టు కలిపి ఒక బెల్టు ధరకి మించలేదు. అవి బిగించాక అదే మిట్ట మీద అదే బెల్టు నిలిచింది.

ఆ మధ్యాహ్నం మా ఇద్దరికీ కలిగిన సంతోషం గురించి నాకు చెప్పాలని ఉంది. మోవర్ నడిచినందుకు మాత్రమే కాదది. కారణం కళ్ళారా చూసినందుకు. మా మిత్రుడు ఆఫీసులో పెద్ద సాఫ్ట్‌వేర్ వ్యవస్థల్లో తప్పులు వెతికే మనిషి. ఏదైనా కూలితే మూలకారణం దొరికేదాకా వదలడు. అదే మనిషి ఇంట్లో బెల్టు తర్వాత బెల్టు ఆర్డరు చేశాడు. తెలివి తక్కువై కాదు, ఆ తెలివి చేతుల దాకా రావచ్చని ఎవరూ అతనికి చెప్పలేదు. మనలో చాలామందిమి అలాంటి ఇళ్ళ నుంచే వచ్చాం. చదువుకునే పిల్లవాడు పానా పట్టకూడదు, గ్రీజు అంటించుకోకూడదు. పనిచేసే చేతులు వేరేవాళ్ళవి, వాళ్ళ కులాలు వేరే, వాళ్ళు గడప అవతలే నిలబడాలి అన్నది ఆ ఇళ్ళ నమ్మకం. ఆ మిల్లు డ్రైవరుకి ఎంత శాస్త్రం తెలుసో మా ఊళ్ళో ఎవరూ లెక్కపెట్టలేదు. మనం వదిలించుకోవాల్సిన పాత అలవాట్లలో చేతిపనిని ఇలా తక్కువగా చూడడం చాలా పెద్దది.

అసలు ఈ మోవర్ పుట్టిందే పనిని ఓపిగ్గా గమనించే చూపు నుంచి. ఇంగ్లండులో స్ట్రౌడ్ దగ్గర ఉన్ని బట్టల మిల్లుల్లో బట్ట మీద లేచిన నూగుని కత్తిరించే యంత్రాలుండేవి. ఎడ్విన్ బడ్డింగ్ వాటిని చూసి, ఆ బ్లేడ్లు గడ్డినీ కోయగలవని గ్రహించి, 1830లో మొదటి లాన్ మోవర్‌కి పేటెంటు తీసుకున్నాడు. ఒక పనిలో యంత్రం ఎలా నడుస్తోందో దగ్గరగా చూసినవాడికి ఇంకో పని తట్టింది.

కాబట్టి ఈ వేసవిలో బెల్టు ఊడితే వెంటనే కొత్తది ఆర్డరు చేయకండి. ఎప్పుడు ఊడింది, ఎటువైపు పడింది, ఏ అంచు అరిగింది, ముందు ఇవి చూడండి. ఇంట్లో పద్నాలుగు పదిహేనేళ్ళ పిల్లలుంటే, ఆడపిల్లైనా మగపిల్లాడైనా, పక్కన కూర్చోబెట్టుకుని బేరింగు వాళ్ళ చేత్తోనే తిప్పించండి. మంచిదీ అరిగినదీ పక్కపక్కన పెట్టి తిప్పితే ఆ తేడా వేళ్ళకి జీవితమంతా గుర్తుంటుంది. పని అయ్యాక ఏ తేదీన ఏ భాగం మార్చారో, బెల్టు నంబరు ఎంతో సీటు అడుగున మార్కరుతో రాయండి. రేపు దాన్ని విప్పేది మీరే కావచ్చు, మీ దగ్గర కొనుక్కున్నవాళ్ళు కావచ్చు. వాళ్ళు మొదటి నుంచి వెతుక్కోనక్కర్లేదు.