పాంపే తర్వాత సముద్రం

రొసెలీనీ తీసిన ‘వియాజ్జో ఇన్ ఇటాలియా’ (1954) గురించి రాసినవాళ్లలో చాలామంది పాంపే సీన్ దగ్గర ఆగిపోతారు. ఆగాల్సినంత గొప్ప సీనే అది. నేను మాత్రం దాని తర్వాత వచ్చే వీధి గురించి మాట్లాడాలనుకుంటున్నా. భార్యాభర్తలిద్దరూ పాంపే చూసి కారులో వెళ్తుంటారు. విడాకుల మాటలు నడుస్తుంటాయి. ఒక ఊరేగింపు అడ్డమొస్తుంది, కారు కదలదు, దిగుతారు. ఇంకో రెండు మూడు నిమిషాల్లో సినిమా అయిపోతుంది.

కథ ప్రకారం మనం ఇంకా నేపుల్స్ పరిసరాల్లోనే ఉన్నాం. కానీ ఆ ఊరేగింపు తీసింది మయోరిలో. అమాల్ఫీ తీరంలో కొండకీ సముద్రానికీ మధ్య ఇరుక్కున్న చిన్న ఊరది. రొసెలీనీకి బాగా అలవాటైన చోటు. 1946లో వచ్చిన ‘పైజా’లో (మన పైసా కాదు) మఠం కథ కూడా అక్కడే తీశాడు. అంటే పాంపే శిథిలాల పక్కన అమాల్ఫీ తీరాన్ని తెచ్చి అతికించే పని ఆయన డెబ్బయ్యేళ్ల కిందటే చేసేశాడన్నమాట. ఇవాళ అదే అతుకుని ఒక్కరోజు ప్రైవేట్ టూర్ పేరుతో అమ్ముతున్నారు: పొద్దున పాంపే, మధ్యాహ్నం పొసిటానో, సాయంత్రం అమాల్ఫీ, రాత్రి భోజనానికి మళ్లీ హోటల్.

నిజానికి ఇలాంటి కట్‌లు మనకేం కొత్త కాదు. హీరో హీరోయిన్లు అమీర్‌పేట్‌లో ఒకళ్లనొకళ్లు చూసుకుంటే తర్వాతి షాట్‌లో యూరప్‌లో ఎక్కడో తేలతారు, మనం మారు మాట్లాడకుండా చూస్తాం. పాటలో అలాంటి కట్‌కి కారణం అక్కర్లేదు. కానీ శిథిలాల నుంచి సముద్రానికి కట్ చేసినప్పుడు ఏదో ఒక అర్థం పుడుతుంది, మనం అడిగినా అడక్కపోయినా. రొసెలీనీ కట్‌లో పుట్టే అర్థం, టూర్ వాళ్ల కట్‌లో పుట్టే అర్థం ఒకటేనా అన్నదే నా ప్రశ్న.

సినిమా చూడనివాళ్ల కోసం కథ నాలుగు ముక్కల్లో. అలెక్స్, కేథరిన్ జాయిస్ ఇంగ్లీషు దంపతులు. పెళ్లయి ఎనిమిదేళ్లు. చనిపోయిన హోమర్ మామయ్య తాలూకు విల్లా అమ్ముకోవడానికి నేపుల్స్ వస్తారు. ఇంట్లో పనీ పాటా, చుట్టూ మనుషులూ ఉన్నంతకాలం తెలీలేదు గానీ, ఇద్దరే మిగిలేసరికి ఒకళ్లకొకళ్లు చెప్పుకోడానికి ఏమీ లేదని తెలిసొస్తుంది. అతను కాప్రీ వెళ్లి ఇంకో అమ్మాయి చుట్టూ తిరుగుతాడు. ఆమె ఒంటరిగా మ్యూజియం, క్యూమేలో సిబిల్ గుహ, పొగలు కక్కే సోల్ఫతారా చూసొస్తుంది. ఇంగ్రిడ్ బెర్గ్‌మన్, జార్జ్ శాండర్స్ నటించారు. షూటింగులో స్క్రిప్ట్ చేతికివ్వలేదని శాండర్స్ తర్వాత తన ఆత్మకథలో బోలెడంత వాపోయాడు. ఆ చిరాకంతా తెరమీద పాత్రకి పనికొచ్చింది లెండి.

ఈ సినిమాలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించేది కారు. మొదటి షాట్లే కారు అద్దంలోంచి కనిపించే రోడ్డు. కేథరిన్ నేపుల్స్ వీధుల్లో డ్రైవ్ చేస్తూ తనలో తనే మొగుణ్ణి తిట్టుకుంటూ ఉంటుంది, బయట గర్భిణులూ, తోపుడుబళ్లలో పసిపిల్లలూ పోతుంటారు. అద్దానికి అవతల ఊరు, ఇవతల ఈవిడ. ఇటలీ అంతా వాళ్లకి ఆ అద్దంలోంచే కనిపిస్తుంది. ఇవాళ టూర్ వాళ్లు ‘ప్రైవేట్’ అని అమ్మేది సరిగ్గా ఈ అద్దాన్నే.

మేం కూడా కొనుక్కున్నాం. పోయిన ఏడాది నేను, మా ఆవిడ, మా బావమరిది, వాళ్లావిడ. నేపుల్స్‌లో పొద్దున ఎనిమిదిన్నరకి వ్యాన్ ఎక్కితే మళ్లీ దింపేవరకూ ఎనిమిది గంటలు. అందులో పాంపేకి రెండు గంటలు. బస్సులో యాభైమందితో పోతే ఆలస్యంగా వచ్చేవాళ్ల కోసం ఎదురుచూడాలి, ఇక్కడ ఆ బాధ లేదు. సౌకర్యాన్ని నేనేమీ వెక్కిరించడం లేదు, మోకాళ్ల నొప్పులున్న అమ్మానాన్నల్ని తీసుకెళ్తే నేను మళ్లీ ఇదే బుక్ చేస్తా. కానీ ఒక రూపంగా దీనికో వ్యాకరణం ఉంది, దాన్ని గమనించాలి. పాంపే ఎప్పుడూ ముందే వస్తుంది. ఎండ ముదరకముందే చూడాలన్నది పైకి చెప్పే కారణం, నిజమే. దానివల్ల జరిగేదేంటంటే, చావు ముందు, నిమ్మకాయ సోర్బెట్ తర్వాత. రెండువేల ఏళ్ల కిందటి బూడిదని చూసి కాస్త గంభీరంగా అయిన మొహాన్ని మధ్యాహ్నానికల్లా సముద్రం కడిగేస్తుంది. పాంపే అంటే చచ్చిపోయిన ఊరు, పొసిటానో అంటే బతికున్న ఊరు అని ఎవరూ నోరు తెరిచి అనరు, వరసే చెప్తుంది.

అక్కడ నేలమీద కనబడేది దీనికి అడ్డంగా ఉంటుంది. పాంపేలో చావు కంటే కాపురమే ఎక్కువ కనిపిస్తుంది. బళ్ల చక్రాలకి అరిగిపోయిన రాతిరోడ్లు. వాన నీళ్లలో కాలు పెట్టకుండా వీధి దాటడానికి ఎత్తుగా వేసిన రాళ్లు, వాటి మధ్యలోంచి బండి పోయేలా ఖాళీలు. మనుషుల నడుం ఎత్తున్న తిరగళ్లతో రొట్టెల బట్టీలు. 1862లో ఒక బట్టీ తెరిస్తే మాడి బొగ్గయిన 81 రొట్టెలు దొరికాయి. గోడలమీద ఫలానావాడికి ఓటెయ్యండని ఎన్నికల రాతలు, బూతులు, అప్పుల లెక్కలు. ఊళ్లో దాదాపు మూడోవంతు ఇంకా తవ్వనేలేదు.

పొసిటానో సంగతి చూస్తే, 1953లో జాన్ స్టైన్‌బెక్ ఒక పత్రికలో ఆ ఊరి గురించి రాస్తూ దీన్ని టూరిస్టులు పాడు చేసే ప్రమాదమేం లేదని ధీమాగా తేల్చేశాడు. ఊళ్లో జనం రెండువేలు, ఐదొందలమంది కంటే ఎక్కువ వస్తే పట్టే చోటే లేదని ఆయన లెక్క. లెక్క తప్పలేదు, ఇప్పటికీ చోటు లేదు. జనం మాత్రం ఆగలేదు. ఇప్పుడు అక్కడ నివాసం ఉండేవాళ్లు నాలుగువేల లోపే. మెట్లమీద మేం గంటసేపు తిరిగితే లినెన్ చొక్కాల కొట్లు, నిమ్మకాయ బొమ్మల పింగాణీ పళ్లేలు కనబడ్డాయి. ఉప్పూ పప్పూ అమ్మే కొట్టు ఒక్కటీ మా కంటపడలేదు. రొట్టెల బట్టీ పాంపేలో చూశాం.

ఇంకో తమాషా. క్రీ.శ. 79లో వెసూవియస్ ఒక్క పాంపేనే కప్పెయ్యలేదు. పొసిటానోలో రంగురంగుల గుమ్మటంతో ఫొటోలన్నిటిలో కనిపించే సాంటా మరియా అసుంతా చర్చి కిందే ఒక రోమన్ విల్లా ఉంది, అదే విస్ఫోటనంలో కప్పడిపోయినది. తవ్వి, శుభ్రం చేసి, 2018లో జనానికి తెరిచారు. గోడల బొమ్మల రంగులు ఇంకా ఉన్నాయట. మా టూర్‌లో అది లేదు. ఉండదు కూడా. పాంపే కోటా పొద్దున్నే అయిపోయింది కదా, పొసిటానో కోటాలో శిథిలం వస్తే వ్యాకరణం చెడుతుంది.

రోడ్డు గురించి కూడా ఒక మాట. కొండ అంచున పాములా పోయే 163 నంబరు రోడ్డుమీద 2022 నుంచి రద్దీ రోజుల్లో సరి-బేసి పద్ధతి పెట్టారు. నంబర్ ప్లేటులో చివరి అంకెని బట్టి ఒక రోజు కొన్ని కార్లు, రెండోరోజు మిగతావి. స్థానికులకీ, టాక్సీలకీ, డ్రైవరుతో అద్దెకిచ్చే బళ్లకీ మినహాయింపు. అంటే మా వ్యాన్ ఏ రోజైనా పోవచ్చు. అలెక్స్ జాయిస్ ఇప్పుడొస్తే సొంత కారులో ఇరుక్కునేవాడేమో గానీ మాలా వస్తే దర్జాగా పోయేవాడు.

ఇప్పుడు పాంపే సీన్‌కొస్తా. విడాకులు తీసుకుందామని ఇద్దరూ అనుకున్న క్షణంలోనే స్నేహితుడొకడు వచ్చి, అరుదైన తవ్వకం జరుగుతోంది, తప్పక చూడాలంటూ లాక్కుపోతాడు. బూడిద గట్టిపడి, లోపలి శరీరం కుళ్లి మాయమై, మనిషి ఆకారంలో ఒక ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీలో ప్లాస్టర్ పోసి, ఆరాక చుట్టూ ఉన్నది పగలగొడితే మనిషి బయటికొస్తాడు. 1863లో జ్యుసెప్పె ఫియొరెల్లీ మొదలుపెట్టిన పద్ధతి. సినిమాలో మన కళ్లముందే బ్రష్షులతో మట్టి దులుపుతుంటే ముందు ఒక చెయ్యి, ఒక కాలు, ఒక పుర్రె, తర్వాత రెండు శరీరాలు తేలతాయి. ఒక మగ, ఒక ఆడ. భార్యాభర్తలేమో అన్న మాట వినిపిస్తుంది. కేథరిన్ తట్టుకోలేక ఏడుస్తూ పక్కకెళ్లిపోతుంది.

దీన్ని దాదాపు అందరూ ఒకేలా చదివారు: కలిసి చచ్చిపోయిన దంపతుల్ని చూసి విడిపోబోతున్న దంపతులకి బుద్ధొచ్చింది. నాకు ఈ చదువు ఎప్పుడూ కొంచెం సులువుగానే అనిపించేది. 2024 నవంబరులో ‘కరెంట్ బయాలజీ’లో వచ్చిన డీఎన్ఏ పరిశోధన తర్వాత అసలు నిలబడదనిపిస్తోంది. పాంపేలో ‘బంగారు కంకణం ఇల్లు’ అనే చోట, చేతికి కంకణంతో, ఒళ్లో పిల్లాడితో ఉన్న పెద్దమనిషిని ఇన్నాళ్లూ తల్లి అన్నారు. తీరా చూస్తే మగవాడు. ఆ పిల్లాడికి అతనితో రక్తసంబంధం లేదు. ఇంకో ఇంట్లో కౌగిలించుకుని ఉన్న జంటని అక్కచెల్లెళ్లనో, తల్లీకూతుళ్లనో అనుకునేవారు. వాళ్లలో కనీసం ఒకరు మగ. మా గైడ్ పదమూడు మంది అచ్చులున్న తోట దగ్గర నిలబెట్టి, కుటుంబాలు కుటుంబాలుగా పారిపోతూ పడిపోయారని చెప్పుకుపోతుంటే మా ఆవిడ, “ఒకే ఇంటివాళ్లని ఎలా తెలిసింది?” అని అడిగింది. దగ్గర దగ్గరగా పడున్నారు కదా అన్నాడాయన.

పేర్లు పెట్టడంలో ఈ తొందర అచ్చులకే పరిమితం కాదు. 1938లో పాంపేలో దొరికిన దంతపు బొమ్మ ఒకటి నేపుల్స్ మ్యూజియంలో ఉంది, మన దేశం నుంచి వెళ్లింది. తవ్వకాలకి పెద్దగా ఉన్న అమెదేయో మయూరి దాన్ని లక్ష్మి అన్నాడు, పేరు అలాగే నిలిచిపోయింది. యక్షి అని తర్వాతివాళ్లన్నారు. శాతవాహనుల ఏలుబడిలో ఉన్న భోకర్దన్‌లో దాన్ని పోలిన దంతపు బొమ్మ దొరికింది కాబట్టి అటువైపు పనితనమని కొందరి ఊహ. ఆడమనిషీ, నగలూ కనబడితే లక్ష్మి. పెద్దామె, పిల్లాడూ కనబడితే తల్లీబిడ్డలు. ఇద్దరు పక్కపక్కన పడుంటే మొగుడూ పెళ్లాలు.

డీఎన్ఏ వల్ల రొసెలీనీ సినిమా చిన్నబోయిందా? పెరిగిందనే అంటా. సంబంధం లేని మనిషి సంబంధం లేని పిల్లాణ్ణి ఒళ్లో పెట్టుకుని ఉన్నాడన్నది తల్లీబిడ్డల కథకంటే నాకు ఎక్కువ బరువుగా ఉంది. ఇప్పుడు పాంపే తర్వాత వచ్చే వీధిని చూడండి. కారు ఆగుతుంది. అంతవరకూ అద్దానికి అవతలున్న జనం అన్నివైపుల నుంచీ కారుని కమ్మేస్తారు. దిగాక ఎవరో మహిమ, మహిమ అని అరుస్తారు, జనం అటు ఉరుకుతారు, ఆ ఊపులో కేథరిన్ కొట్టుకుపోతుంది. మొగుడి పేరు పెట్టి కేకేస్తుంది. అతను తోసుకుంటూ వెళ్లి పట్టుకుంటాడు. కౌగిలి. మా ఫ్రెండ్స్‌కి చూపించినప్పుడు ఇక్కడ నవ్వారు: ఇంతసేపు కొట్టుకుని ఒక్క నిమిషంలో ఐ లవ్ యూనా అని. నవ్వొస్తుంది, ఎందుకంటే ప్రేమ తిరిగొచ్చిందనుకుంటే ఈ ముగింపు నిజంగానే తేలిపోతుంది. నాకు కనిపించేది భయం. ముక్కూమొహం తెలీని మనుషుల మధ్య తను కూడా ఒక శరీరమేనని ఆమెకి మొదటిసారి తెలుస్తుంది. అచ్చులు చూసినప్పుడు ఏడ్చింది కూడా దీనికేనేమో, మొగుడితో పోల్చుకుని కాకపోవచ్చు. కౌగిలి మీద సినిమా ఆగదు కూడా. కెమెరా వాళ్లని వదిలేసి పక్కనున్న జనం మీదికి పోతుంది.

టూర్‌లో లేనిది ఇదే. శిథిలముంది, సముద్రముంది, ఊరేగింపు లేదు. రొసెలీనీ కట్‌లో ఆ రెంటి మధ్యా పరాయి జనం ఉన్నారు, వాళ్లని తప్పించడానికే మనం ‘ప్రైవేట్’కి డబ్బు కడతాం.

తిరుగు ప్రయాణంలో మయోరిలో ఆపమన్నాను. డ్రైవర్ మంచివాడు, పది నిమిషాలిచ్చాడు. సముద్రం నుంచి లోపలికి సూటిగా పోయే పెద్ద వీధి, బల్లలమీద కూర్చున్న ముసలివాళ్లు, సైకిళ్లమీద పిల్లలు. ఫోన్‌లో సినిమా పెట్టుకుని కారు ఆగిన చోటు పోల్చుకోవాలని చూశాను. ఏ మేడా కలవలేదు. సినిమా షూటింగ్ 1953లో. మరుసటేడు, సినిమా విడుదలైన 1954లోనే, అక్టోబరు 25 రాత్రి సలేర్నో ప్రాంతమంతా వరద వచ్చి మూడొందలమందికి పైగా పోయారు. మయోరిలో చాలా ఇళ్లు ఆ రాత్రి కొట్టుకుపోయాయి.

ఊరేగింపులో ఉన్నది చాలామటుకు చుట్టుపక్కల జనమే. ఈ వ్యాసం కోసం ఆ చివరి సీన్ మళ్లీ మళ్లీ పాజ్ చేసి చూశా. బెర్గ్‌మన్ వెనక, ఎడంవైపు, తలమీద గుడ్డ కప్పుకున్న ఒకావిడ ఉంది. అందరూ మహిమ జరుగుతున్న వైపు చూస్తుంటే ఆవిడ మాత్రం ఈ పొడుగాటి పరాయి మనిషి ఎందుకు అరుస్తోందా అన్నట్టు ఇటు చూస్తోంది.