మేతకా, పాతరకా?

ఐర్లండు పాడి రైతుకు అసలు పంట గడ్డి. అందులోనూ బహువార్షిక రైగడ్డి. ఒకసారి చల్లితే ఏళ్ల తరబడి నిలిచే పైరు కాబట్టి రకం తప్పితే ఒక్క సీజనుతో పోయే నష్టం కాదది. అందుకే మన వరి రైతు మొదట అడిగేదే అక్కడి రైతూ అడుగుతాడు: ఎప్పుడు ఈనుతుంది? వరిలో ఎంటీయూ 1010 నాలుగు నెలల్లో చేతికొస్తుంది, సాంబ మసూరికి ఐదు నెలల దాకా పడుతుంది. కాకపోతే వరి రైతు వెన్ను కోసం ఎదురుచూస్తాడు, గడ్డి రైతు వెన్ను రాకుంటే బాగుండుననుకుంటాడు.

కారణం ఆవు పొట్టలో ఉంది. గడ్డి ఈనగానే కాడ ముదురుతుంది, ఆకు వాటా తగ్గుతుంది, అరుగుదల పడిపోతుంది. తొందరగా ఈనే రకాలు మే నెల సగానికే వెన్ను తీస్తాయి. ఆలస్య రకాలు జూన్ దాకా ఆకుతోనే ఉంటాయి. మే నెలాఖరున తొలి కోత కోసి సైలేజీ (పాతర గడ్డి) వేసుకునే రైతుకు ఆ రెండు మూడు వారాల తేడాయే పాల తేడా.

ఈ తేడాను విత్తనంలోకి ఎక్కించింది వేల్స్‌లోని అబరిస్ట్‌విత్. అక్కడ 1919లో జార్జ్ స్టేపుల్డన్ నేతృత్వంలో మొదలైన మొక్కల ప్రజనన కేంద్రం నుంచి ఎస్24, ఎస్23 వచ్చాయి. మొదటిది ముందుగా ఈని ఎండుగడ్డికి పనికొచ్చేది, రెండోది ఆలస్యంగా ఈని మేపుకు నిలిచేది.

తర్వాత చూడాల్సింది క్రోమోజోములు. పద్నాలుగున్న డిప్లాయిడ్ రకాలు గుబురుగా పిలకలు వేసి నేలను కప్పేస్తాయి. తడి నేలల్లో గిట్టల తొక్కుడుకు తట్టుకునేవి ఇవే. ఇరవై ఎనిమిదున్న టెట్రాప్లాయిడ్లకు ఆకు వెడల్పు, చక్కెర ఎక్కువ. ఆవులు ఇష్టంగా మేస్తాయి. అయితే నీటి శాతమూ ఎక్కువే, పైరూ పలచన. సైలేజీకైతే కోశాక బాగా వాడ్చాలి, లేకపోతే పాతర అడుగున సారమంతా నీరై కారిపోతుంది. ఆలస్యంగా ఈనే టెట్రాప్లాయిడ్ ‘అబర్‌గెయిన్’, ఉత్తర ఐర్లండులో పుట్టిన డిప్లాయిడ్ ‘డ్రంబో’ లాంటివాటిని కలిపి చల్లడం ఇందుకే. బరువు నేలకు డిప్లాయిడ్ వాటా పెంచుతారు, ఆరిన నేలకు టెట్రాప్లాయిడ్ వాటా.

ఐర్లండు వ్యవసాయ పరిశోధన సంస్థ టీగస్క్ ఈ లెక్కను యూరోల్లోకి మార్చింది. దాని సూచికలో రకానికి హెక్టారుకు ఏటా వచ్చే లాభం కనిపిస్తుంది. నచ్చే సంగతేమిటంటే, అందులో కిలో గడ్డికి ఎప్పుడూ ఒకే ధర కట్టరు. వసంతంలో పెరిగిన కిలో కొనాల్సిన దాణాను తప్పిస్తుంది కనుక దానికి విలువ ఎక్కువ. నడివేసవిలో గడ్డి ఎలాగూ మిగులుతుంది, విలువ తక్కువ. మొత్తం దిగుబడిలో ముందున్న రకం ఈ పట్టికలో వెనకబడొచ్చు. నాణ్యత, సైలేజీ, ఎన్నేళ్లు నిలుస్తుందనేవీ అందులోనే లెక్కకొస్తాయి.

ఇక మిశ్రమం కొనేటప్పుడు సంచీపై ‘సైలేజీకి’ అన్న మాట చూసి ఊరుకోకూడదు. లోపలి రకాలు వేర్వేరు వారాల్లో ఈనేవైతే, కొడవలి దిగే రోజుకు ఒకటి ముదిరి ఉంటుంది, ఇంకొకటి లేతగా ఉంటుంది. ఈనిక తేదీలు ఇంచుమించు వారంలోపు ఉండేలా ఎంచుకుంటేనే ఆ చేను ఒక్క కోతకు సిద్ధమవుతుంది.