ఎండాకాలపు గాలం

టెక్సస్‌లో ఆగస్టు ఎండకు రిజర్వాయర్ల పైనీళ్లు గోరువెచ్చగా అయిపోతాయి. బాస్ చేప ఎర ముట్టదు. పొద్దెక్కగానే చాలామంది పడవలు ఒడ్డుకు చేర్చేస్తారు. అప్పుడు కూడా చేపను పట్టగలిగినవాడే నా దృష్టిలో అసలైన పనిమంతుడు.

వేసవిలో లోతు నీళ్లు పొరలుగా విడిపోతాయి. పైపొర మరీ వేడి, అట్టడుగున ప్రాణవాయువు చాలదు. పెద్ద చేపలు మధ్యలో ఎక్కడో, మునిగిపోయిన పాత వాగు అంచునో, చెట్ల మోడుల పక్కనో నిలబడతాయి. ఎర అక్కడికి చేరాలి. దారానికి తూటా ఆకారపు బరువు, దాని కింద గాలం, గాలానికి మెత్తటి ప్లాస్టిక్ వానపాము. మొనను వానపాము ఒంట్లోనే దాచి గుచ్చుతారు కాబట్టి మోడుకు అంత తేలిగ్గా తగులుకోదు. ఇలాంటి వానపామును 1949లో ఒహాయోలో నిక్ క్రీమ్ తయారుచేశాడు.

ఆ తర్వాతదంతా వేలికొసల పని. బరువును అడుగున మెల్లగా ఈడుస్తుంటే బురద ఏదో, రాయి ఏదో, మోడు ఏదో దారానికి ఆనించిన చూపుడువేలికి తెలుస్తుంది. ఎండవేళ బాస్ చాలాసార్లు ఎరను విసురుగా లాక్కుపోదు. చిన్నగా ‘టక్’మంటుంది. ఒక్కోసారి అదీ ఉండదు, దారం కాస్త పక్కకు జరుగుతుంది, అంతే. ఆ కదలిక కోసం గంటల తరబడి ఓపిక పట్టేవాళ్లను చూస్తే చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

వేసవిలో బాస్ దొరకదనుకోకండి. జార్జియాలో జార్జ్ పెర్రీ పది కిలోలకు పైబడిన రికార్డు బాస్‌ను పట్టింది 1932 జూన్ 2న.