అపస్వరం ఇంటి పద్దు

మొదట ఒక అట్టను విప్పారు. ఇంగ్లండులో తయారైన ఏడంగుళాల గ్రామఫోన్ రికార్డు అట్ట అది. జిగురు ఊడదీసి, బల్లమీద పరిచి, మడత ఎక్కడుందో, అంచు ఎంతుందో చూసుకున్నారు. ఆ కొలతకే కాగితాలు అచ్చువేయించి, కత్తెరతో కత్తిరించి, మడిచి, అతికించారు. పెళ్ళికి ముందు ఇంటిల్లిపాదీ కూర్చుని శుభలేఖలకు పసుపు రాస్తామే, అలా 1980 చలికాలంలో వాషింగ్టన్ నగరంలో కొందరు కుర్రాళ్ళు ఈ పనిలో కూర్చున్నారు. ఆ మొదటి విడత వెయ్యి రికార్డులు. తర్వాతి ఏళ్ళలో చేత్తో మడిచిన అట్టల లెక్క వేలల్లోకి పోయింది.

ఆ రికార్డు పేరు ‘మైనర్ డిస్టర్బెన్స్’. పాడింది టీన్ ఐడిల్స్ అనే పంక్ బ్యాండు. తమాషా ఏమిటంటే, రికార్డు బయటికొచ్చేసరికి బ్యాండే లేదు. ఏడాదిపాటు చిన్నాచితకా కచేరీల్లో వచ్చిన డబ్బును ఎవరూ జేబులో వేసుకోకుండా చుట్టల పెట్టెలో దాచారు. నవంబరులో విడిపోయేనాటికి అందులో దాదాపు 600 డాలర్లున్నాయి. నలుగురూ పంచుకుంటే తలా నూటయాభై. అలా చేయకుండా, అప్పటికే పాడి ఉంచుకున్న 8 పాటల్ని ఆ డబ్బుతో అచ్చువేయించారు. బాస్ గిటార్ వాయించిన ఇయాన్ మెకాయ్, డ్రమ్స్ వాయించిన జెఫ్ నెల్సన్, గాయకుడు నేథన్ స్ట్రేజెక్ కలిసి రికార్డు కంపెనీ పెట్టి, దానికి ‘డిస్కార్డ్’ అని పేరు పెట్టారు. అపస్వరం, పొత్తు కుదరకపోవడం అనే రెండర్థాలున్న మాటలో ఒక ‘హెచ్’ చొప్పించి, సంగీతంలోని ‘కార్డ్’ను ఇరికించారు. ఇవాళ్టి పిల్లల చాట్ యాప్‌కూ దీనికీ ఆ ఒక్క అక్షరమే తేడా, చుట్టరికమేమీ లేదు.

వాషింగ్టన్ ప్రభుత్వోద్యోగుల ఊరు. సంగీత వ్యాపారమంతా న్యూయార్క్‌లో, లాస్ ఏంజెలెస్‌లో ఉండేది. ఈ కుర్రాళ్ళ కోసం ఎవరో వస్తారన్న ఆశ లేదు కాబట్టి ఎదురుచూపూ లేదు. దగ్గర్లోని రాక్‌విల్‌లో రికార్డుల కొట్టు నడిపే స్కిప్ గ్రాఫ్, టేపును ఫ్యాక్టరీకి పంపి రికార్డు చేయించే దారి చూపించాడు. పోటోమాక్ నది దాటితే ఆర్లింగ్టన్. అక్కడ డాన్ జియెంటారా తన ఇంట్లోనే నడిపే ‘ఇన్నర్ ఇయర్’ అనే స్టూడియోలో వీళ్ళ పాటలు రికార్డయ్యాయి. ఉన్నది నాలుగు ట్రాకుల టేపు యంత్రం. నాలుగే ట్రాకులంటే గొంతును, గిటార్లను, డ్రమ్స్‌ను విడివిడిగా పట్టుకుని తీరిగ్గా చెక్కే వీలు తక్కువ. అందరూ ఒక్కసారి వాయించాలి, గది మోత టేపు మీదికి ఎక్కాలి. ఆ తొలి రికార్డుల్లో ఊపిరాడనివ్వని బిగువుకు కోపమే కారణమని రాస్తుంటారు. నన్నడిగితే సగం పుణ్యం ఆ యంత్రానిదే.

అమ్మిన డబ్బు తిరిగొస్తే దానితో స్నేహితుల రికార్డు తేవాలన్నది ఒప్పందం. కానీ డబ్బు మెల్లగా వస్తుంది, స్నేహితులు ఆగరు. అందుకని రెండో రికార్డుకు, దాన్ని పాడిన స్నేహితుల బ్యాండు గాయకుడే సొంత డబ్బు పెట్టుకున్నాడు. తర్వాత హెన్రీ రోలిన్స్‌గా పేరు తెచ్చుకున్న అతను అప్పట్లో ఐస్‌క్రీమ్ కొట్లో పనిచేసేవాడు. 1981లో మెకాయ్, నెల్సన్ ఆర్లింగ్టన్‌లో ఒక ఇల్లు అద్దెకు తీసుకున్నారు. అదే మకాం, అదే ఆఫీసు, రిహార్సల్ నేలమాళిగలో. అదే ఏడు వాళ్ళ కొత్త బ్యాండు మైనర్ థ్రెట్ రికార్డులూ వచ్చాయి. గిరాకీ పెరిగేకొద్దీ చిక్కు ముదిరింది. కొట్లవాళ్ళ దగ్గర బాకీ వసూలైతే తప్ప మళ్ళీ అచ్చువేయడానికి రొక్కం లేదు. లండన్‌లో సదరన్ స్టూడియోస్ నడిపే జాన్ లోడర్ అచ్చు ఖర్చు ముందుగా తాను భరించి, పంపిణీ చూసుకోవడంతో ఆ ముడి వీడింది.

ఈ కంపెనీ అసలు పనితనం పద్దు పుస్తకంలో కనిపిస్తుంది. మామూలు కంపెనీలు అడ్వాన్సు ఇస్తాయి. అది కానుక కాదు, అప్పు. రికార్డింగు ఖర్చు, ప్రచారం ఖర్చు అందులో కలుస్తూ పోతాయి. అది తీరేదాకా రాయల్టీ చేతికి రాదు. పైగా మాస్టర్ టేపు మీద హక్కు చాలాసార్లు కంపెనీదే. డిస్కార్డ్‌లో రాతకోతలు లేవు, నోటిమాటే. ఖర్చులు పోగా మిగిలింది బ్యాండూ కంపెనీ పంచుకుంటాయి. ఇష్టం లేనివాళ్ళు వెళ్ళిపోవచ్చు. 1990ల్లో జాబాక్స్, షడర్ టు థింక్ బ్యాండ్లు పెద్ద కంపెనీలకు వెళ్ళాయి కూడా. అట్లాంటిక్ కంపెనీ 1994లో తెచ్చిన జాబాక్స్ ఆల్బమ్, 2009లో మళ్ళీ విడుదలైనప్పుడు దాని మీద ఆ బ్యాండువాళ్ళ సొంత సంస్థ డిసోటో పేరు పక్కన డిస్కార్డ్ పేరూ ఉంది.

1987లో మెకాయ్ మొదలుపెట్టిన ఫుగాజీ బ్యాండు ఈ లెక్కను వేదిక మీదికి తెచ్చింది. టిక్కెట్టు 5 డాలర్లు, ఏ వయసువాళ్ళయినా రావచ్చు. మద్యం అమ్మే చాలా క్లబ్బుల్లో చిన్నవాళ్ళను రానివ్వని దేశంలో రెండో షరతే కష్టం. చర్చి హాళ్ళు, కమ్యూనిటీ సెంటర్లు వెతుక్కున్నారు. రికార్డు అట్టమీదే టపా ఖర్చుతో కలిపిన ధర అచ్చువేశారు. దాంతో కొట్టువాడు ఎక్కువ అడిగితే కొనేవాడికి తెలిసిపోయేది. టీషర్టులు అసలు అమ్మలేదు. దాంతో ఎవరో ‘ఇది ఫుగాజీ టీషర్టు కాదు’ అని రాసిన చొక్కాలు అమ్ముకున్నారు! 1993లో అట్లాంటిక్ స్థాపకుల్లో ఒకడైన అహ్మెట్ ఎర్టెగన్ స్వయంగా న్యూయార్క్ కచేరీకి వచ్చి తమ కంపెనీలో చేరమని అడిగినా వీళ్ళు ఒప్పుకోలేదు. దాన్ని త్యాగంగా చెప్పుకోవడం నాకు నచ్చదు. అద్దె తక్కువ, అప్పు లేదు, కంపెనీ సొంతం. వద్దనగలిగే స్తోమతను వాళ్ళు పదమూడేళ్ళపాటు కూడబెట్టుకున్నారు.

లోపాలు లేవా? వాషింగ్టన్ పరిసరాల బ్యాండ్లకే చోటన్న నియమం వల్ల ఆ ఊరి సంగీతం ఒక వరసలో భద్రంగా నిలిచింది, నిజమే. కానీ వేరే ఊరి మంచి బ్యాండుకు తలుపు మూసినట్టే. ఈ కుర్రాళ్ళకు కచేరీ అంటే ఏమిటో చూపించిన బ్యాడ్ బ్రెయిన్స్ నల్లజాతి బ్యాండు. డిస్కార్డ్ తొలి జాబితాలో మాత్రం ఎక్కువమంది తెల్ల కుర్రాళ్ళే.

ఇన్నర్ ఇయర్ 1990లో పెద్ద భవనంలోకి మారి, స్థానిక ప్రభుత్వం ఆ స్థలం కొనడంతో 2021లో అక్కడ మూతపడింది. ఫుగాజీ కూడా 2002 తర్వాత వేదిక ఎక్కలేదు. కానీ వాళ్ళ కచేరీల్లో 800కు పైగా వాటికి టేపులున్నాయి. 2011 నుంచి అవి విడతలవారీగా ఇంటర్నెట్‌లోకి వచ్చాయి. శ్రుతి తప్పినవీ, జనాన్ని తోసేవాళ్ళను మెకాయ్ మందలించినవీ కత్తిరించకుండా ఉంచారు. ఒక్కోదానికి వాళ్ళు సూచించిన ధర 5 డాలర్లే. 1 డాలరు ఇచ్చినా సరే, 100 ఇచ్చినా సరే.

మొదటి రికార్డు మీద అచ్చువేసిన చిరునామా మెకాయ్ అమ్మానాన్నల ఇంటిది. కంపెనీ జాబులకు ఇప్పటికీ అదే చిరునామా.